జ్వరం పోయింది, ఫైలు పోకూడదు

"రేయ్, ప్లేట్‌లెట్లు 8,20,000 వచ్చినాయంటరా!" అని మా అక్క ఫోన్ చేసినప్పుడు ఇంట్లో అందరికీ గుండె కుదుటపడింది. కర్నూలులో సెప్టెంబరు జ్వరమంటే ఎవరైనా మొదట అడిగేది ప్లేట్‌లెట్ల గురించే. డెంగీ మాకు నేర్పిన లెక్క అది. ముప్పై వేలకు పడితే ఏడుపులు, లక్ష దాటితే కొబ్బరికాయ. ఇక ఎనిమిది లక్షలంటే పండగే కదా.

పిల్లాడికి, అంటే అక్క కొడుక్కి, అప్పుడు 14 నెలలు. జ్వరం మొదలై పదమూడో రోజు, తగ్గి నాలుగు రోజులు. రిపోర్టు చూసిన డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఎనిమిది దాటాయంటే రక్తం గడ్డకట్టడానికి తయారుగా ఉందన్నమాట. పిల్లాడి గుండె రక్తనాళం ఒకటి అప్పటికే ఉబ్బి ఉంది. ఈ రెండూ ఒకే వారంలో కలిశాయని ఆమె టెన్షన్. ఆ రోజు నుంచే నాకు ఈ జబ్బు గురించి చదవడం, కనిపించిన డాక్టరునల్లా అడగడం అలవాటైంది.

జబ్బు పేరు కవాసాకి. మా బావ వినగానే "అది బండి పేరు కదా" అన్నాడు. మా వయసు వాళ్లకు ఆ మాట వింటే బజాజ్ బండి మీది స్టిక్కరే గుర్తొస్తుంది, ఆయన తప్పేం లేదు. ఈ పేరు టోమిసాకు కవాసాకి అనే జపాన్ పిల్లల డాక్టరుది. 1961లో టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆస్పత్రిలో నాలుగేళ్ల బాబులో ఆయన ఈ లక్షణాలన్నీ ఒకేచోట చూశారు. అలాంటి 50 మంది పిల్లల వివరాలు పోగుచేసి 1967లో జపాన్ భాషలో, 1974లో ఇంగ్లిషులో ప్రచురించారు. 2020లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన కథలో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. మొదట్లో ఆయన కూడా దీన్ని తనంతట తానే తగ్గిపోయే జబ్బుగానే రాశారు. జ్వరం పోతోంది, పిల్లలు లేచి ఆడుకుంటున్నారు, ఇంకేం కావాలి? 1970లో జపాన్ అంతటా ఆరా తీసినప్పుడు అసలు సంగతి బయటపడింది. జ్వరం తగ్గిన పిల్లల్లో కొందరు ఉన్నట్టుండి చనిపోయారు. శవపరీక్ష చేస్తే గుండె రక్తనాళాలు ఉబ్బి, వాటిలో రక్తం గడ్డకట్టి ఉంది. జబ్బును కనిపెట్టిన మనిషినే "తగ్గింది" అనే మాట మోసం చేసిందంటే, మనమెంత!

మన ఇళ్లలో ఎలా జారిపోతుంది

మావాడికి మొదటి మూడు రోజులు 103 డిగ్రీల జ్వరం. వీధి చివర ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ ఇచ్చాడు. నాలుగో రోజు ఒళ్లంతా ఎర్రగా పొక్కింది. ఆర్‌ఎంపీ "మందు పడలేదు" అన్నాడు. మా అవ్వ "తట్టు పోసింది, అమ్మవారు" అని గుమ్మానికి వేపమండలు కట్టింది. ఐదో రోజు కళ్లు ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. పెదాలు పగిలి నెత్తురు చారలు పడ్డాయి, నాలుక ఎర్రగా గరగరలాడింది. "వేడి చేసింది" అని బార్లీ నీళ్లు పట్టారు. అరచేతులు, పాదాలు ఉబ్బాయి. అన్నిటికీ మించి పిల్లాడు చంక దిగడు, కింద పెడితే ఏడుపు, ఎత్తుకున్నా ఏడుపే. ఇలాంటి చిరాకు మామూలు జ్వరాల్లో కనబడదని చాలామంది పిల్లల డాక్టర్లు చెబుతారు.

ఇందులో ఏ ఒక్క లక్షణమూ మనకు కొత్త కాదు. ఒక్కోదానికి మన దగ్గర ఒక్కో పేరు, ఒక్కో మందు ఉన్నాయి. అక్కడే దెబ్బ తింటాం. కనీసం ఐదు రోజులున్న జ్వరంతో పాటు కళ్లు, నోరు, ఒంటిమీద దద్దు, చేతులూ కాళ్ల వాపు, మెడ దగ్గర బిళ్ల, ఈ ఐదింటిలో నాలుగు కనిపిస్తే కవాసాకి అనే అనుకోవాలి. అవన్నీ ఒకేరోజు కనబడాలని లేదు. ఒకటి వచ్చి పోయాక ఇంకోటి వస్తుంది. సోమవారం చూసిన డాక్టరుకు కళ్లు, గురువారం చూసిన డాక్టరుకు పెదాలు. మొత్తం సినిమా చూసేది తల్లి ఒక్కతే. అందుకే ఏ రోజు ఏం కనబడిందో రాసి పెట్టుకున్న తల్లి మాట ఒక్కోసారి రక్త పరీక్ష కంటే ఎక్కువ పనికొస్తుంది.

మావాడి విషయంలో డాక్టరమ్మ ముందు చూసింది ఎడమ భుజం. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా మచ్చ చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. అది మా కంటికి ఆనలేదు. ఐదు లక్షణాల్లో దానికి చోటు లేదు గానీ, బీసీజీ వేసే మనలాంటి దేశాల్లో చంటిపిల్లలకు అది మంచి గుర్తు. ఆరు నెలల లోపు పిల్లల్లో అయితే లక్షణాలు రెండో మూడో మాత్రమే కనబడి, గుండె దెబ్బతినే ముప్పు మాత్రం ఎక్కువగా ఉంటుంది.

జ్వరం మొదలైన రెండు మూడు వారాల మధ్య, గోళ్ల దగ్గర మొదలై వేళ్ల కొసల తోలు పొరలుగా ఊడుతుంది. పాము కుబుసం విడిచినట్టు. తెలియని ఇంట్లో ఇది జబ్బు తగ్గిన గుర్తు అనుకుంటారు.

కాలువ కట్ట కోసుకుపోతే

గుండె ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది గదా, తనకు కావాల్సిన రక్తాన్ని మాత్రం తన మీద పాకే కరోనరీ నాళాల నుంచి తీసుకుంటుంది. చిన్నపిల్లల్లో వాటి లోపలి వెడల్పు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కవాసాకిలో ఒంట్లోని రక్షణ కణాలే ఈ నాళాల గోడల మీద పడి వాటిని తినేస్తాయి. ఎందుకు పడతాయో ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదు. ఏదో ఇన్ఫెక్షన్ రాజేస్తే, పుట్టుకతో ఆ తత్వం ఉన్న పిల్లల్లో అంటుకుంటుందని ఎక్కువమంది అంచనా. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

మా ఊరి వాళ్లకు కేసీ కెనాల్ చూపించి చెబితే చాలు. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కాలువ. ఒకచోట కట్ట లోపలివైపు కోసుకుపోయి కాలువ వెడల్పయిందనుకోండి. అక్కడ నీళ్ల జోరు తగ్గుతుంది. జోరు తగ్గినచోట ఒండ్రు కూర్చుంటుంది, జమ్ము మొలుస్తుంది. రెండు మూడేళ్లకు చూస్తే వెడల్పయిన చోటే పూడి, నీళ్లు సన్నటి పాయగా పారుతుంటాయి. రక్తనాళం సంగతీ అంతే. గోడ బలం పోయి ఉబ్బుతుంది, దాన్నే ఎన్యూరిజం అంటారు. ఉబ్బినచోట రక్తం సుడి తిరిగి గడ్డకట్టవచ్చు. అది వారాల్లో, నెలల్లో వచ్చే ప్రమాదం. ఏళ్ల మీద వచ్చేది ఇంకోటి: ఉబ్బు రెండు కొసల దగ్గర లోపలి పొర మందమై దారి ఇరుకవుతుంది, గోడలో సున్నం పేరుకుంటుంది. కాలువలో అయితే పూడిక తీయవచ్చు.

ఉబ్బు ఎంత అనేది ఎకో, అంటే గుండెకు తీసే స్కాను, చెబుతుంది. ఇక్కడ మిల్లీమీటర్లు ఒక్కటే చూస్తే సరిపోదు. పదేళ్ల పిల్లకు మామూలైన వెడల్పు పది నెలల పిల్లకు ఎక్కువ. అందుకని ఎత్తు, బరువును బట్టి ఆ పిల్లకు ఉండాల్సిన కొలతకు ఎంత దూరం జరిగిందో లెక్కగట్టి ఒక అంకె ఇస్తారు, దాన్ని జడ్ స్కోరు అంటారు. 2 లోపు మామూలు. 2.5 నుంచి 5 లోపు చిన్న ఉబ్బు. 5 నుంచి 10 లోపు మధ్యరకం. 10 దాటినా, కొలత 8 మిల్లీమీటర్లు దాటినా అతి పెద్దది, డాక్టర్లు జెయింట్ అంటారు. మావాడి ఎడమవైపు నాళం 3.2 మిల్లీమీటర్లు, స్కోరు ఆరుకు కాస్త అటూ ఇటూ. 3.2 అంటే పెసరగింజంత కూడా లేదు. అంతదానికా ఇంత హడావుడి అని నేను అడిగాను కూడా. రెట్టింపు అయిందయ్యా అని డాక్టరమ్మ కసిరింది.

మందు సంగతి త్వరగా చెప్పేస్తాను. వేలమంది రక్తదాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యూనోగ్లోబ్యులిన్‌ను కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన 10, 12 గంటల పాటు సెలైన్ లాగా ఎక్కిస్తారు. పది కిలోల పిల్లాడికి 20 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు నాలుగు. ఒక్కో సీసా వేలల్లో ఉంటుంది. అక్క గాజులు బ్యాంకుకు వెళ్లాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇది పడితే నాళాలు ఉబ్బే ముప్పు వందలో 25 మంది నుంచి నలుగురైదుగురికి తగ్గుతుంది. పిల్లల జబ్బుల్లో ఇంత తేడా చూపే మందులు తక్కువే. పదిమందిలో ఒకరిద్దరికి మొదటి డోసుకు జ్వరం లొంగదు. వాళ్లకు రెండో డోసో, స్టెరాయిడ్లో ఇస్తారు. మావాడికి ఎనిమిదో రోజున ఎక్కించారు, తెల్లారేసరికి జ్వరం పోయింది. అయినా నాళం అప్పటికే ఉబ్బింది. నాలుగు రోజులు ముందే పోయి ఉంటే ఏమయ్యేదో అని అక్క ఇప్పటికీ అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

"నార్మల్" అంటే ఏమిటి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే, నేనూ ఇక్కడే తికమకపడ్డాను.

ఏ దశలోనూ నాళం ఉబ్బని పిల్లలు చాలామంది. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత చేసిన ఎకో కూడా బాగుంటే, అప్పటిదాకా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ ఆపేస్తారు, ఆ తర్వాత వాళ్ల గుండె అందరి గుండె లాంటిదే. పరుగెత్తొచ్చు, కబడ్డీ ఆడొచ్చు, స్కూల్లో డ్రిల్లు చేయొచ్చు. మా వీధిలోనే ఒక ఇంట్లో అలాంటి ఆడపిల్లను "గుండె జబ్బు పిల్ల" అని ఐదేళ్లుగా మెట్లు కూడా ఎక్కనివ్వలేదు. జాగ్రత్త పేరుతో చేసిన ఈ అన్యాయాన్ని ఏ ఎకో పట్టుకోలేదు.

ఉబ్బిన నాళాల కథ వేరు. జపాన్‌లోని కురుమే యూనివర్సిటీ డాక్టర్లు 594 మంది పిల్లలను పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా వెంటబడి చూసి 1996లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో నాలుగోవంతు మందికి నాళాలు ఉబ్బాయి, ఆ ఉబ్బినవాళ్లలో దాదాపు సగం మందికి ఏడాది రెండేళ్లలో కొలత మామూలుకు వచ్చింది. చిన్న ఉబ్బులే ఇలా ఎక్కువగా సర్దుకుంటాయి. మావాడిది మధ్యరకమైనా ఏడాదిన్నరకు 2.1 మిల్లీమీటర్లకు వచ్చింది. రిపోర్టు కింద "నార్మల్" అని టైపు చేసి ఉంది. అక్క ఆ రోజు స్వీట్లు పంచింది.

పంచాల్సిందే. కానీ ఆ నార్మల్, మొదటి నుంచీ ఉబ్బని నాళం నార్మల్ ఒకటి కావు. ఉబ్బిన గోడ మళ్లీ పాత గోడగా మారి కొలత తగ్గలేదు. లోపలి పొర మందంగా పెరిగి ఆ ఖాళీని నింపింది. గోడ బీటను సిమెంటు పూసి మూసినట్టు. పైకి చదునుగా కనబడుతుంది, కానీ అక్కడి నాళం పనిబడినప్పుడు సాగాల్సినంత సాగకపోవచ్చు. అందుకే అలాంటి పిల్లలను వదిలేయరు. ఏడాదికో, రెండేళ్లకో చూస్తూనే ఉంటారు. కొంచెం పెద్దయ్యాక పరుగెత్తించి గుండెకు రక్తం సరిగా అందుతోందో లేదో పరీక్షిస్తారు. ఎదిగిన పిల్లల ఛాతీలోంచి ఎకోకు నాళాలు సరిగా కనబడవు, అప్పుడు సీటీ యాంజియోగ్రామ్ కావాలి.

జెయింట్ ఉబ్బులు సర్దుకోవడం అరుదు. గుండెపోటు భయం మొదటి ఒకటి రెండేళ్లలో అన్నిటికంటే ఎక్కువ. చంటిపిల్ల గుండెనొప్పి అని చెప్పలేదు కదా. ఆపకుండా ఏడవడం, వాంతులు, పాలిపోవడం, చెమటలు, అంతే కనబడుతుంది. వీళ్లకు ఆస్పిరిన్‌తో పాటు రక్తం పలచబరిచే వార్ఫరిన్ కూడా ఇస్తారు. దాని మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్‌ఆర్ పరీక్షతో చూస్తూ 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. ఆ మాట విని ఇంట్లో ఆకుకూర పప్పు మొత్తానికే మానేస్తారు కొందరు. మానాల్సిన పని లేదు. వారమంతా మానేసి ఆదివారం గిన్నెడు తింటేనే లెక్క తప్పుతుంది. రోజూ ఒకే తీరుగా తింటే మందు మోతాదు దానికి తగ్గట్టు కుదురుస్తారు. దెబ్బలు తగిలే ఆటలు మాత్రం వద్దంటారు.

మన జిల్లాల్లో ఇంకో గందరగోళం ఉంది. పిల్లల గుండె జబ్బు అనగానే పెద్దవాళ్లకు కీళ్లవాతం గుర్తొస్తుంది. గొంతునొప్పి, కీళ్లనొప్పుల తర్వాత గుండె కవాటాలను పాడుచేసేది అది. ఎక్కువగా బడికి పోయే వయసులో వస్తుంది, మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్లకేళ్లు వేస్తారు. కవాసాకి ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వచ్చి నాళాల మీద పడుతుంది. దీనికి పెన్సిలిన్‌తో పనిలేదు. "గుండె జ్వరం వచ్చిందట, పెన్సిలిన్ వేయించండి" అని సలహా ఇచ్చే చుట్టాలు మాకూ దొరికారు.

మందుల షాపులో, టీకా రోజున

మొదటి నెల మందు చీటీ తీసుకుపోతే షాపులో కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. "అన్నా, ఇది పెద్దోళ్ల గుండె మాత్ర కదా, చంటోడికి ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్నే. పిల్లలకు జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు, అతను చదివింది అదే. ఇక్కడ ఇచ్చేది జ్వరానికి కాదు, కిలోకు 3 నుంచి 5 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా. ఆస్పిరిన్ మీద ఉన్న పిల్లకు ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి, అరుదుగా కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ఏటా ఫ్లూ టీకా వేయిస్తారు. ఒళ్లు వెచ్చబడిందని ఇంట్లో ఉన్న ఐబూప్రోఫెన్ సిరప్ పోయడం కూడా మానాలి, అది ఆస్పిరిన్ పనికి అడ్డం పడుతుంది.

పిల్లాడికి 16 నెలలు నిండగానే టీకాలు వేసే నర్సమ్మ, ఏఎన్‌ఎం, ఇంటికొచ్చి తట్టు, రుబెల్లా రెండో డోసు బాకీ ఉందని గుర్తుచేసింది. ఆమె పని ఆమె చేసింది. కానీ ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించాక 11 నెలల దాకా ఆ టీకా సరిగా పట్టదు, ఎక్కించిన యాంటీబాడీలే టీకా వైరస్‌ను అణిచేస్తాయి. డిశ్చార్జి కాగితం చూపిస్తే ఆమె తన రిజిస్టరులో రాసుకుని వెళ్లింది. చుట్టుపక్కల తట్టు బాగా ఉంటే డాక్టరు ఇంకోలా చెప్పవచ్చు.

ఇరవై ఏళ్ల తర్వాత

మా అక్క వాళ్ల పక్కింటి అబ్బాయికి ఇరవై దాటాయి. మెట్లెక్కితే రొమ్ములో పట్టేసినట్టు ఉంటోందని చెబితే ఇంట్లోవాళ్లు గ్యాస్ అన్నారు. ఈ వయసులో గుండె ఏంటి అని డాక్టరు కూడా గ్యాస్ మాత్రే రాశాడు. నాలుగు నెలలు మాత్రలు మింగాక ఇంకో డాక్టరు సీటీ తీయిస్తే కరోనరీ నాళం చుట్టూ సున్నం, గుడ్డు పెంకులా తెల్లటి వలయం. అప్పుడాయన తల్లిని అడిగాడట: "అమ్మా, చిన్నప్పుడు చాలా రోజులు జ్వరం వచ్చి, వేళ్ల తోలు ఊడిందా?"

ఊడింది. ఆమెకు బాగా గుర్తుంది. "ఖరీదు బాటిళ్లు ఎక్కించినారు సార్, తగ్గిపాయ" అంది. ఫైలు? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చాయి. పాతబస్తీలో ఇళ్లు బీరువాలతో సహా మునిగాయి. పట్టాలు, టెన్త్ సర్టిఫికెట్లు వెతుక్కుని ఎండలో ఆరేసిన వాళ్లు ఉన్నారు. తగ్గిపోయిన జ్వరం తాలూకు కాగితం కోసం ఎవరు వెతుకుతారు?

ఇది ఒక్క కర్నూలు సంగతే అనుకోకండి. అమెరికాలోని శాన్ డియాగోలో, గుండెకు రక్తం అందడం లేదేమోనని యాంజియోగ్రామ్ చేయించుకున్న 40 ఏళ్ల లోపు వాళ్ల ఫిల్ములను మళ్లీ పరిశీలించి 2012లో ప్రచురించారు. వాళ్లలో వందకు ఐదుగురి దాకా నాళాల్లో కనిపించింది చిన్ననాటి కవాసాకి మిగిల్చిన దెబ్బే అయి ఉండాలని లెక్కగట్టారు. మామూలు గుండెపోటులో కొవ్వు పేరుకుంటుంది. వీళ్లలో పాత ఉబ్బు, సున్నం, గడ్డ. చికిత్స చేసే డాక్టరుకు ఆ తేడా ముందే తెలిస్తే స్టెంటు వేయాలా, బైపాసా అనే నిర్ణయం మారవచ్చు.

ఆడపిల్లల ఇళ్లలో ఇంకో చిక్కు. సంబంధాలు తప్పిపోతాయని ఆ సంగతి అత్తారింటికి చెప్పరు, కొన్నిసార్లు పిల్లకే చెప్పరు. రేపు ఆమె కాన్పుకు పోయినప్పుడు డాక్టరుకు ఎలా తెలుస్తుంది? వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, గర్భం రాకముందే మందు మార్చుకోవాలి. కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి, నాళాలు ఉబ్బినవాళ్లకు అవి పనికిరావు. పెళ్లివాళ్లకు చెప్పాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. పిల్లకు, ఆమెను చూసే డాక్టరుకు చెప్పకపోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

మావాడికి ఇప్పుడు మూడు దాటాయి. వాకిట్లో ఉరుకుతుంటే అవ్వ "మెల్లగారా అబ్బోడా" అని వెంటబడుతుంది, వాడు ఆగడు. ఫైల్లో మొదటి ఎకో, జడ్ స్కోరు రాసిన చీటీ, ఏ రోజు ఎన్ని గ్రాములు ఎక్కించారో ఉన్న డిశ్చార్జి కాగితం ఉన్నాయి. ఈసీజీ కాగితం రంగు వెలిసిపోయే రకం, అందుకని జెరాక్స్ తీయించాం. అన్నిటి ఫోటోలు నా ఫోన్లో, బావ ఫోన్లో ఉన్నాయి. అసలు ఫైలును అక్క పాలిథిన్ కవర్లో చుట్టి మేడమీద గదిలో, అటక మీద పెట్టింది. 2009లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ ఇంటి గోడ మీద ఇంకా గీత ఉంది. అటక దానికంటే ఎత్తే. తర్వాతి ఎకో దసరా సెలవుల్లో.